చల్లారని మూట

మూట అడుగున చొక్కా గుండీ అంత తడి. ఆవిరమ్మ బొటనవేలు సరిగ్గా దాని మీదే ఉంది. చిన్న కిటికీకి అవతల థియేటర్ సిస్టర్ చెయ్యి చాచి నిలబడింది. ఆమె వెనక, పెద్ద దీపం కింద, బల్ల మీద పడుకున్నది ఆవిరమ్మ కూతురు.

"ఇవ్వు" అంది సిస్టర్.

ఆవిరమ్మ ఇవ్వలేదు. వేలు తీయనూ లేదు.

ఆ ఆసుపత్రిలో అందరికీ ఆమె ఆవిరమ్మే. జీతం చీటీ మీద వేరే పేరు ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూస్తుందన్న నమ్మకం లేదు. థియేటర్‌ని ఆనుకుని ఉన్న పొడుగాటి గది ఆమెది. ఒక చివర కడిగే తొట్లు, మధ్యలో గుండ్రటి తలుపున్న పెద్ద స్టీలు యంత్రం, ఈ చివర థియేటర్‌లోకి తెరుచుకునే కిటికీ. వాడిన కత్తెరలూ, పట్టుకార్లూ, గిన్నెలూ ఆ చివర లోపలికి వస్తాయి. వాటిని కడిగి, తుడిచి, రెండు పొరల బట్టలో మూటకట్టి, యంత్రంలో ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈ కిటికీలోంచి అందిస్తుంది. "మా వంటావిడ" అని కొత్త నర్సులకి పరిచయం చేస్తుంది సిస్టర్. "రుచి చూడమని మాత్రం అడక్కండి."

ఈ పనిలోకి వచ్చిన కొత్తలోనే ఆమెకి ఆవిరి అంటే ఏమిటో తెలిసింది. అంతకు ముందు ఆమె తండ్రి బేకరీలో పెరిగింది. కాలుతున్న పొయ్యిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి రొట్టెల పళ్ళెం తీసిన పిల్ల. వెంట్రుకలు ముడుచుకునేవేమో గానీ చెయ్యి కాలేది కాదు. అదే ధీమాతో ఇక్కడ ఒకరోజు యంత్రం పక్క గొట్టంలోంచి సన్నగా చిమ్ముతున్న ఆవిరికి అడ్డంగా చెయ్యి చాపింది. మణికట్టు నుంచి పైకి తోలు ఊడొచ్చింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

"మా నాన్న పొయ్యి ఇంతకన్నా వేడి కదా సిస్టర్, అక్కడ కాలలేదేం?" అని ఏడుస్తూనే అడిగింది, కట్టు కడుతున్న అప్పటి పెద్ద సిస్టర్‌ని.

"అక్కడ ఉన్నది వేడిగాలే. గాలి దగ్గర ఇవ్వడానికి ఏముందని? నీళ్ళ సంగతి వేరు. మరిగి ఆవిరవ్వాలంటే బోలెడు వేడి మింగాలి. మింగింది ఎక్కడికీ పోదు, లోపల దాచుకుంటుంది. ఆ ఆవిరి చల్లటి దేన్నయినా తాకి మళ్ళీ నీళ్ళయిందనుకో, దాచుకున్నదంతా అక్కడికక్కడే కక్కేస్తుంది. ఇవాళ ఆ చల్లటిది నీ చెయ్యి. రేపటి నుంచి కత్తెరలు. వాటి మీద క్రిములు అలాగే చస్తాయి."

"చచ్చాక?"

"చచ్చాక ఆ నీళ్ళని బయటికి పంపాలి. అసలు పని అదే."

అసలు పని నిజంగా అదే. కత్తెరలకి వేడిచ్చి నీళ్ళయిన ఆవిరి, మూటలో మిగిలిపోతే చేసే అపకారం చిన్నది కాదు. పొడిబట్ట గోడ లాంటిది, దాన్ని దాటి ఏ క్రిమీ లోపలికి పోలేదు. తడిసిన బట్ట గోడ కాదు, దారి. నీళ్ళు ఒక పోగునీ ఇంకో పోగునీ పట్టుకుని పైకీ పాకుతాయి, పక్కకీ పాకుతాయి; పాకుతూ బయటి మురికిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతాయి. అందుకే ఆవిరమ్మ ప్రతి మూటనీ చేతి వెనకతో తడిమి చూస్తుంది. అరచెయ్యి మొద్దుబారింది గానీ చేతి వెనక అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. తడి తగిలితే ఆ మూట మళ్ళీ మొదటికి వెళ్ళాల్సిందే. ఆమె భర్తది ఇస్త్రీ దుకాణం. "పొద్దస్తమానం నేను బట్టల మీద నీళ్ళు చల్లుతాను, నువ్వేమో బట్టల్లో నీళ్ళు వెతుకుతావు. మన జాతకాలు కలిపినవాడెవడో గానీ గట్టివాడు" అంటాడు.

ఇంకో నియమం కూడా ఉంది ఆమెకి. యంత్రంలోంచి తీసిన మూట చల్లారేదాకా ముట్టుకోకూడదు. లోపల ఆవిరి ఇంకా ఆవిరిగానే ఉంటుంది. అప్పుడు దాన్ని చల్లటి చోట పెడితే అడుగునే నీళ్ళవుతుంది. ఈ నియమం ఆమెతో పాటు ఇంటికి కూడా వెళ్ళేది. కూతురు బడికి పోయే రోజుల్లో, వేడి భోజనం మీద మూతపెడితే లోపల వానపడుతుందని, డబ్బా చల్లారేదాకా మూత పెట్టనిచ్చేది కాదు. పిల్ల అవతల బస్సు పోతుందని గంతులేసేది. "అందరి డబ్బాలూ పొగలు కక్కుతాయి, నాది మాత్రం మంచుముద్ద" అని ఆ పిల్ల చేసిన ఫిర్యాదు, పెళ్ళయి, తల్లి కాబోతున్నా ఇంకా కొట్టివేయబడలేదు.

ఆ కూతురికి పొద్దున నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు స్కూలు బస్సు డ్రైవరు. పిల్లల్ని బడి దగ్గర దించి, అదే బస్సులో భార్యని తీసుకొచ్చేశాడు. అంత పెద్ద బస్సులోంచి ఒక్క మనిషి దిగడం చూసి గేటు దగ్గరి వాళ్ళు నవ్వారు. మధ్యాహ్నం దాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు. భోజనాల వేళ డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు ఒకసారికి రెండుసార్లు విని, ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా బయటికొచ్చి, "ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. సామాను సిద్ధంగా ఉంచు ఆవిరమ్మా" అంది.

సామాను రెండు సెట్లు. ఒకటి పొద్దున వేరే కేసుకి వాడి, తొట్టిలో నానుతోంది. రెండోది యంత్రంలో ఉంది. ఆవిరి పట్టడం అయింది, ఆరడం అవుతోంది.

అప్పుడు ఆమె చేసిన పని, ఇంకెవరైనా చేసి ఉంటే నాలుగు రోజులు తిట్టి ఉండేది. ఆరడం పూర్తికాకుండానే యంత్రం తలుపు తిప్పింది. మూట పొగలు కక్కుతోంది. కర్ర పలకల అర మీద పెట్టాల్సిన దాన్ని రెండు చేతులా పట్టుకుని, గబగబా తెచ్చి, కిటికీ దగ్గరి స్టీలు బల్ల మీద పెట్టింది. పిలవగానే అందించాలి కదా అని. ఏసీ గాలికి మంచులా ఉండే బల్ల అది. వేసవిలో సిస్టర్ దాని మీద చేతులు ఆనించుకుని కబుర్లు చెబుతుంది. ఆ బల్ల చల్లదనం ఆవిరమ్మకి తెలియనిది కాదు. ఆ నిమిషంలో ఆమెకి మూటలు కనపడలేదు, అంతే. కూతురు కనపడింది.

పిలుపు వచ్చింది. మూట ఎత్తింది. అలవాటు కొద్దీ అడుగున చేతి వెనకతో తడిమింది.

తడి తగిలింది. బొటనవేలు దాని మీద పెట్టింది.

"ఆవిరమ్మా, ఇవ్వమంటే ఇవ్వవేం?" సిస్టర్ గొంతులో ఇప్పుడు హాస్యం లేదు. "డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చేశారు. నీ కూతురికి వెన్నులో మత్తిచ్చేశారు. కాళ్ళు అప్పుడే మొద్దుబారాయట."

ఆవిరమ్మ వేలు ఇంకా గట్టిగా అదిమింది. ఈ వేలి కింద ఉన్న సంగతి ప్రపంచంలో తనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. సిస్టర్ మూట పై పొర విప్పుతుంది, లోపలి పొర ఇంకొకరు విప్పుతారు, ఆ పెద్ద దీపం వేడికి తడి మచ్చ ఆరిపోతుంది కూడా. గుండీ అంత తడి. వందలో తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదేమో. ఆ మిగిలిన ఒక్కసారి కోసమే తను ఇన్నేళ్ళూ అందరితో పోట్లాడింది. ఆ ఒక్కసారి ఎవరి కూతురికో వస్తుందనే ఎప్పుడూ అనుకుంది. ఇంకోవైపు, ఆగితే? లోపల ఆగలేని చిన్న గుండె ఒకటి ఉంది.

"ఏంటి నీళ్ళు నములుతున్నావ్?" అంది సిస్టర్.

"మూట తడిసింది" అంది ఆవిరమ్మ. వేలు తీసి చూపించింది. "చల్లారకుండా తెచ్చి బల్ల మీద పెట్టాను. నేనే."

సిస్టర్ తడి మచ్చ వంక చూసింది, ఆమె ముఖం వంక చూసింది. లోపలికి తల తిప్పి, "డాక్టర్, మూట తడి" అంది.

డాక్టరమ్మ చేతులు పైకెత్తి పట్టుకుని కిటికీ దగ్గరకొచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆవిరమ్మకి.

"చిన్న యంత్రం పనిచేస్తోందా?"

"చేస్తోందమ్మా."

చిన్న యంత్రం ఆమె గదిలోనే, థియేటర్‌లోకి పోయే గుమ్మం పక్కన గూట్లో ఉంటుంది. ఆపరేషన్ మధ్యలో కత్తెర కిందపడితే వాడేది. అందులో మూటలుండవు, బట్ట ఉండదు; సామాను చిల్లుల పళ్ళెంలో విడిగా పెట్టి, ఇంకా ఎక్కువ వేడిమీద కొద్దిసేపు ఆవిరి పట్టి, మూతపళ్ళెంతో నేరుగా బల్ల దగ్గరికి తీసుకుపోవాలి. తడిగా ఉన్నా ఫరవాలేదు. అక్కడ తడిసి దారి ఇచ్చే బట్టే లేదు.

డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించే యంత్రం వైపు చెవి పెట్టింది. "బిడ్డ గుండె ప్రస్తుతం కుదురుగా ఉంది. పక్కకి తిప్పి పడుకోబెడతాను. విప్పు. కానీ విను ఆవిరమ్మా. మూట విప్పాక మన దగ్గర ఇంకో సెట్టు లేదు. మధ్యలో గుండె పడిపోతే ఏం చెయ్యాలో నేను అప్పుడు చెబుతాను. చెప్పింది చెయ్యి."

"అలాగేనమ్మా."

ఆవిరమ్మ ముడి విప్పింది. ఎప్పుడూ ఒక్క లాగుతో ఊడే ముడి ఇవాళ వేళ్ళకి చిక్కలేదు. సామాను పళ్ళెంలో పేర్చింది. గిన్నెని వెల్లకిలా పెట్టి, మళ్ళీ గుర్తొచ్చి బోర్లించింది. వెల్లకిలా పెడితే అడుగున గాలి చిక్కుకుంటుంది, గాలి ఉన్న చోటికి ఆవిరి రాదు. తలుపు బిగించి మీట నొక్కింది. నీళ్ళు వేడెక్కడం మొదలుపెట్టాయి.

నీళ్ళు వేడెక్కడానికి పట్టినంత సేపు ఇంకేదీ పట్టదు. ఇనప పెనం పొయ్యి మీద పెట్టగానే చుర్రుమంటుంది, నూనె తొందరగా కాగుతుంది. నీళ్ళు మాత్రం ఎంత మంట పెట్టినా తమ తీరుబడి తమదే. ఏళ్ళ తరబడి ఆ తీరుబడికి అలవాటుపడ్డ మనిషి ఆమె. ఆ సమయంలో కట్లకి వాడే గాజుగుడ్డలు మడిచేది, కూనిరాగం తీసేది. ఇవాళ ముళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడింది.

వరండా తలుపు సందులోంచి అల్లుడి తల కనపడింది. మెడలో ఇంకా డ్రైవరు గుర్తింపు కార్డు వేలాడుతోంది.

"అత్తయ్యా, లోపలికి తీసుకెళ్ళి ఇంతసేపయింది. మొదలెట్టారా?"

"లేదు బాబూ. నా వల్లే ఆగింది. సామాను తడిసింది, మళ్ళీ ఆవిరి పడుతున్నాను."

అతను మెల్లగా తల ఊపాడు. అర్థమైనట్టు లేదు. "తొందరగా అవుతుందా?"

"తొందరపెడితే పాడవుతుంది. ఒకసారి పెట్టి చూశాను."

అతను పోలేదు. తలుపు సందులోనే, కార్డు నోట్లో పెట్టుకుని కొరుకుతూ నిలబడిపోయాడు.

గొట్టంలోంచి గాలి బుసకొడుతూ బయటికి పోతోంది. ఇదే ప్రాణం తీసే ఘట్టం. లోపలున్న గాలంతా వెళ్ళిపోయి ఆవిరి ఒక్కటే మిగలాలి. అంతకు ముందే గొట్టం మూసేస్తే ఒత్తిడి ముల్లు మాత్రం దర్జాగా పైకి లేస్తుంది, చూసినవాడు అయిపోయిందనుకుంటాడు. వేడి మాత్రం చేరాల్సిన చోటికి చేరి ఉండదు. కొత్త యంత్రాలు తామే చూసుకుంటాయి. ఇది పాతది, చేత్తో మూయాలి. ఆవిరమ్మ చెయ్యి తిప్పే బిళ్ళ మీదే ఉంది. బుస ఇంకా పొడిపొడిగా, తెగుతూ తెగుతూ వస్తోంది. గాలి ఇంకా ఉంది.

"మూసెయ్యచ్చేమో" అంది లోపల ఎవరో. ఆ గొంతు ఆమెదే.

మూయలేదు.

అప్పుడు థియేటర్‌లోంచి బిడ్డ గుండె యంత్రం చప్పుడు మారింది. ఇందాకటి నుంచి టకటకమని పరుగెత్తుతున్నది ఒక్కసారి నెమ్మదించింది. టక్. టక్. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో అల్లుడు కార్డు నమలడం మానేశాడు.

సిస్టర్ గుమ్మం దగ్గరకొచ్చింది. "ఎంత దాకా వచ్చింది?"

"గాలి పోతోంది."

"పడిపోతోందే తల్లీ."

"వింటున్నాను."

డాక్టరమ్మ గొంతు లోపలి నుంచి నిదానంగా వినపడింది. "ఇంకాస్త ఎడమకి తిప్పండి. ఆక్సిజన్ పెంచండి. ఆవిరమ్మా, నేను ఇయ్యి అంటే ఎక్కడుంటే అక్కడ ఆపి ఇచ్చెయ్యి. విన్నావా?"

"విన్నానమ్మా."

బుస మారింది. తెగడం పోయి, ఒకే ధారగా, గొట్టం మూతి దగ్గర కంటికి కనపడకుండా, జానెడు దూరం పోయాక మాత్రమే తెల్లటి పొగగా మారుతూ వచ్చింది. అసలైన ఆవిరి కంటికి కనపడదు. కనపడే పొగ అప్పటికే చల్లారి నీటి తుంపర అయిపోయింది. ఆ కనపడని జానెడూ చూడగానే ఆమె బిళ్ళ తిప్పింది. ఒత్తిడి ముల్లు కదిలింది. వేడి ముల్లు దాని వెంటే, చెయ్యి పట్టుకున్నట్టు, లేచింది. రెండూ కలిసి పోతుంటే, ఆమె రెండింటి వంకా చూస్తూ, చెవులు మాత్రం లోపలికి వేసింది.

టక్. టక్. ఖాళీ. టక్.

డాక్టరమ్మ "ఇయ్యి" అనలేదు. కూతురి గొంతు వినపడింది, మత్తులో కాదు గానీ భయంలో బరువెక్కి: "ఏమవుతోంది? అమ్మ ఏది?"

"మీ అమ్మ పక్కగదిలో మూటలకి వంకలు పెడుతోంది" అంది సిస్టర్, ఎప్పటి గొంతు తెచ్చిపెట్టుకుని. "నువ్వు కదలకు."

"ఇంట్లోనూ అంతే" అంది కూతురు.

టక్ టక్. టకటక. టకటకటక.

అల్లుడు కార్డు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

గంట మోగింది. ఆవిరి వదిలి, తలుపు తీసి, మందపాటి తొడుగులతో మూతపళ్ళెం పట్టుకుని ఆవిరమ్మ గుమ్మం దాకా నడిచింది. గుమ్మం దాటే హక్కు ఆమెకి లేదు. లోపలి నుంచి శుభ్రమైన చేతులు పళ్ళెం అందుకున్నాయి.

"కాలుతున్నాయి" అంది ఆమె. "స్టెరైల్ నీళ్ళలో ముంచండి. బాగా ముంచండి."

"తెలుసులే" అంది సిస్టర్, నీళ్ళు పోస్తూ. ఎర్రగా కాలిన ఇనుముని కూడా చల్లార్చి, తాము మాత్రం గోరువెచ్చన అయ్యి ఊరుకునే నీళ్ళు. ఆ చుయ్ మన్న చప్పుడు విన్నాక ఆవిరమ్మ వెనక్కి తిరిగింది.

వెనక్కి తిరిగాక చెయ్యడానికి ఏమీ లేదు. అదే కష్టంగా ఉంది. స్టీలు బల్ల వంక చూసింది. దాని మీద, మూట పెట్టిన చోట, పల్చటి నీటి మరక ఇంకా ఆరలేదు. తువ్వాలుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. తర్వాత అరలోంచి బిడ్డకోసం విడిగా ఆరబెట్టి ఉంచిన మెత్తటి బట్టలు తీసి, ఒక్కొక్కటీ చేతి వెనకతో తడిమింది. పొడి. ఇదీ పొడి. యంత్రం పైన వెచ్చగా ఉండే చోట వాటిని పరిచి, కిటికీ దగ్గరకి తెచ్చిపెట్టింది. ఈసారి చెక్క పళ్ళెంలో.

లోపల మాటలు తగ్గిపోయాయి. లోహం మీద లోహం పెట్టిన చప్పుడు. డాక్టరమ్మ ఒకటి రెండు పొడి మాటలు. తర్వాత అవీ లేవు.

ఏడుపు వెంటనే రాలేదు. మొదట ఒక తుమ్ము లాంటిది వచ్చింది. తర్వాత ఎవరిమీదో కేసు పెట్టడానికి వచ్చినట్టు గొంతెత్తింది.

"బట్టలు" అని అరిచింది సిస్టర్. "ముందు ఆరబెట్టాలి, ఆరబెట్టాలి."

ఆవిరమ్మ వెచ్చటి బట్టలు కిటికీలోంచి అందించింది. ఎందుకంత తొందరో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లి కడుపులోంచి తడిగా వచ్చిన బిడ్డ ఒంటి మీద నీళ్ళు ఆవిరవుతూ పోతాయి. పోతూ పోతూ ఊరుకోవు, వేడిని కూడా పట్టుకుపోతాయి. కత్తెరల మీద వేడిని కక్కిన నీళ్ళే, అంత చిన్న ఒంట్లోంచి దాన్ని మళ్ళీ మింగుతాయి. ఇద్దరు నర్సులు బిడ్డని తుడుస్తుంటే, తడిసిన బట్ట తీసి పొడిది అందిస్తూ, ఆమె కిటికీకి ముఖం ఆనించి నిలబడింది. నీలంగా ఉన్న పాదాలు మెల్లగా గులాబీ రంగుకి తిరిగాయి.

కూతుర్ని వార్డులోకి తెచ్చాక ఆవిరమ్మ దగ్గరికి పోవడానికి సందేహించింది. గుమ్మంలోనే తచ్చాడింది. అల్లుడు బిడ్డని ఎత్తుకోవడం రాక, ఎక్కడ పట్టుకోవాలో తెలియని స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"రా అమ్మా" అంది కూతురు. "సిస్టర్ అంతా చెప్పింది."

ఆవిరమ్మ మంచం అంచున కూర్చుంది. "బల్ల చల్లగా ఉందని తెలుసు నాకు. తెలిసీ పెట్టాను తల్లీ."

కూతురు తల ఇటు తిప్పింది. "బడికెళ్ళినన్నాళ్ళూ నా డబ్బా చల్లార్చావు. బస్సు పోయినా మూత పెట్టలేదు. ఇవాళ నా కోసమే చల్లారకుండా తీశావా?"

"తీశాను."

"మరి ఎందుకు చెప్పావ్? ఇచ్చేస్తే ఎవరికి తెలిసేది?"

ఆవిరమ్మ చేతి వెనక చూసుకుంది. "దీనికి తెలిసిపోయింది."

కూతురు నవ్వబోయి, కుట్లు లాగి, ముఖం చిట్లించి, "నవ్వించకు" అంది. తర్వాత చెయ్యి చాచి తల్లి చెయ్యి పట్టుకుంది, ఆ పాత మచ్చ మీదే. చాలాసేపు వదల్లేదు.

"అత్తయ్యా" అన్నాడు అల్లుడు కంగారుగా. "ఈ బట్ట తడిగా ఉంది. ఇందాక పొడిగానే ఉండింది, ఇప్పుడే..."

ఆవిరమ్మ లేచి బిడ్డని అందుకుంది. చేతి వెనకతో అడుగున తడిమింది. వెచ్చగా, నిండుగా తడిసింది.

"ఇది మంచి తడే" అంది. అని, ఇంకో పొడిబట్ట కోసం చెయ్యి చాచింది.